పంతులుగారు పంపిన శుభలేఖ

శుభలేఖ కనపడితే చదవకుండా వదిలిపెట్టడం నా వల్ల కాదు. పెళ్ళి ఎవరిదైనా కానివ్వండి, ముందు నా కళ్ళు తిథి మీదికి పోతాయి, తర్వాత లగ్నం మీదికి, ఆ తర్వాత పక్కన వేసిన గంటలూ నిమిషాల మీదికి. గుంటూరు బ్రాడీపేటలో కాపురం ఉంటూ, సత్తెనపల్లి చుట్టుపక్కల ఊళ్ళలో ముప్ఫై నాలుగేళ్ళుగా పౌరోహిత్యం చేస్తున్నాను. ఇన్నేళ్ళలో ఎన్ని కార్డుల్లో తప్పులు పట్టానో నాకే గుర్తు లేదు. లగ్నం ఒకటి వేసి వేళ ఇంకొకటి వేస్తారు. ప్రెస్సువాడు పాత పెళ్ళి కార్డులో వారం మార్చడం మర్చిపోతాడు. అలాంటిది కంటబడగానే ఫోన్ చేసి, ఎవరు పెట్టారయ్యా ఈ ముహూర్తం అని నిలదీసేవాణ్ణి. నన్నెవరూ అడగలేదు, నిజమే. అడిగితే తప్ప నోరు విప్పనివాడు పురోహితుడెలా అవుతాడని నా వాదన. మా ఆవిడ మాత్రం దీన్ని దురద అంటుంది.

ఆ దురదే మొన్న మాఘమాసంలో నా కొంప ముంచింది.

మధ్యాహ్నం భోంచేసి పడక్కుర్చీలో కూర్చున్నాను. వాట్సాప్‌లో ఒక కబురు వచ్చింది. పంపినాయన సత్తెనపల్లిలో ఎరువుల కొట్టు నడుపుతారు, ఇరవై ఏళ్ళ పరిచయం. మా ఇంట జరిగే వివాహానికి సకుటుంబంగా రావాలని రెండు వాక్యాలు, ఒక తేదీ, కింద ఒక ఫైలు. తేదీ చూశాను. అమావాస్య! నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఇంటికి పురోహితుణ్ణి నేనే. నన్ను కాదని ఎవణ్ణో పట్టుకొచ్చి, వాడిచేత అమావాస్య నాడు పెళ్ళి పెట్టించుకుంటారా? కార్డు చివర ఆ మహానుభావుడి పేరేమైనా ఉంటుందేమో చూద్దామని ఫైలు నొక్కాను.

అది వెంటనే తెరుచుకోలేదు. తెలియని చోటి నుంచి వచ్చిన యాప్ ఇది, అనుమతిస్తారా అని అడిగింది. అనుమతించాను. మీకొచ్చే మెసేజీలు చదవవచ్చా అంది. సరేనన్నాను. మీ కాంటాక్టులు చూడవచ్చా అంది. చూడు నాయనా చూడు, ముందు కార్డు చూపించి చావు అని విసుక్కుంటూ మొత్తం నాలుగుసార్లు నొక్కాను. శుభలేఖకి నా మెసేజీలతో పనేమిటని ఒక్క క్షణం ఆగి ఉంటే బాగుండేది. కోపంలో ఉన్నవాడు ఆగడు కదా. తెర ఒకసారి తెల్లబడి మళ్ళీ మామూలుగా అయిపోయింది. కార్డూ లేదు, పురోహితుడి పేరూ లేదు.

అరగంటకి ఫోన్లు మొదలయ్యాయి. "అయ్యగారూ, కార్డు పంపారు, ఎవరి పెళ్ళండీ?" అని ఒకరు. "తెరుచుకోవట్లేదండీ, ఇంకోసారి పంపుతారా?" అని మరొకరు. నేను ఎవరికీ ఏమీ పంపలేదు. వాట్సాప్ తీసి చూస్తే నా పేరు మీదే, అవే రెండు వాక్యాలు, అదే ఫైలు, వరసపెట్టి అందరికీ వెళ్ళిపోయి ఉన్నాయి. నా ఫోన్లో పదకొండు వందల పైచిలుకు నంబర్లున్నాయి. అన్నీ నేను పెళ్ళిళ్ళు చేసిన ఇళ్ళు, గృహప్రవేశాలు చేయించిన ఇళ్ళు. వాళ్ళలో సగం మంది మిర్చి అమ్ముకుని వచ్చిన డబ్బు బ్యాంకులో వేసుకుని, ఆ బ్యాంకుని ఫోన్లో పెట్టుకున్న రైతులు. పురోహితుడి దగ్గర్నుంచి శుభలేఖ వస్తే తెరవనివాళ్ళు ఎవరుంటారు? ఎవడో దొంగ నా పేరు చెప్పుకుని వాళ్ళందరి ఇళ్ళలోకీ దర్జాగా నడిచి వెళుతున్నాడని అర్థమైంది.

మా ఆవిడ ఫోన్ లాక్కుని ఆపేసింది. "ముందు ఖుర్షిదా దగ్గరికి వెళ్ళండి," అంది.

ఖుర్షిదా కొట్టు మా వీధి చివర, కోచింగ్ సెంటర్ మెట్ల కింద ఉంటుంది. వాళ్ళ నాన్న గడియారాలు బాగుచేసిన ఆ కాస్త చోటులోనే ఆమె సెల్‌ఫోన్లు బాగుచేస్తుంది. ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో. నల్ల బురఖా, ముక్కు మీదికి జారిపోయే కళ్ళద్దాలు, తొందరపడని మాట. ఛార్జరు కొనడానికి తప్ప నేనెప్పుడూ ఆ మెట్లకిందికి వెళ్ళింది లేదు. ఆడపిల్ల, ఏం తెలుస్తుందిలే అనుకునేవాణ్ణని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

జరిగింది విని ఆమె ఆశ్చర్యపోలేదు. "ఈ వారంలో మీరు నాలుగో మనిషండీ పంతులుగారూ," అని ఒక సన్నటి సూది నా చేతికిచ్చింది. "ముందు సిమ్ బయటికి తీయండి."

"నాకేం తెలుసమ్మా, నువ్వే తీయి."

"మీరే తీయాలండీ. నేను చెప్తా."

ఆమె పద్ధతే అది. బల్లకి అవతల చేతులు కట్టుకుని నిలబడుతుంది. మన ఫోన్ ముట్టుకోదు. ఎక్కడికి వెళ్ళాలో, ఏది నొక్కాలో నోటితో చెబుతుంది, నొక్కడం మాత్రం మన వేలే. తాళం అంకెలు కొట్టాల్సి వచ్చినప్పుడు గోడవైపు తిరిగిపోతుంది. బొమ్మ లేకుండా దాక్కున్న ఆ యాప్‌ని నాచేతనే వెతికించింది, దానికి నేనిచ్చిన అనుమతులు ఒక్కొక్కటీ నాచేతనే వెనక్కి తీయించింది, నాచేతనే పెరికించింది. తన ఫోన్ ఇచ్చి బ్యాంకువాళ్ళతో నా ఖాతా ఆపించింది, సైబర్ మోసాల నంబరు 1930కి ఫిర్యాదు చేయించింది. చివరికి ఫోన్లో ఉన్నదంతా తుడిపించింది. ఇదంతా తనే చేస్తే పది నిమిషాల పని. నాచేత చేయించడానికి గంటంపావు పట్టింది. వ్రతంలో మంత్రం నేను చదివినా, పువ్వు మాత్రం కర్త చేతులతోనే వేయిస్తాను. ఆమె కూడా అలాగే చేయిస్తోందని గమనించాను, నాకు తెలియకుండానే ఆమె మీద గౌరవం కలిగింది.

గౌరవం కలిగినా కోపం చల్లారలేదు. గోడకి కీప్యాడ్ ఫోన్లు కొన్ని వేలాడుతున్నాయి. "ఈ దయ్యం నాకొద్దు. అందులో ఒకటివ్వు. మాట్లాడితే చాలు," అన్నాను.

"ఇవ్వనండీ."

"అదేమిటి? అమ్మడానికి కాదా పెట్టింది?"

"కోపంలో కొన్న ఫోన్ రెండు నెలలకి మళ్ళీ నా కొట్టుకే వస్తది. ఇళ్ళ స్థలాల ఫోటోలు తీసి మీకు పంపుతారుగా, ఈశాన్యం ఎటో చూసి చెప్పమని. దారి తెలియని ఊరికెళ్తే మ్యాప్ పెట్టుకుని పోతారుగా. అవన్నీ మానుకుంటారా?"

"మానుకుంటాను."

"మా అమ్మ దగ్గర కీప్యాడేనండీ. బ్యాంకు నుంచి మాట్టాడుతున్నామని ఎవడో ఫోన్ చేస్తే ఓటీపీ అంకెలన్నీ చదివి వినిపించింది. ఫోన్ చిన్నదైతే మోసం చిన్నదవదు."

పోనీ గట్టి యాంటీవైరస్ ఒకటి వేయమన్నాను. ఆమె మొదటిసారి నవ్వింది. "తుడిపించక ముందు మీ ఫోన్లో మూడున్నాయండీ. రెండు ప్రకటనలు చూపించేవే. ఆ మూడూ ఉండగానే గదా ఇది లోపలికొచ్చింది. అది అడిగిందే మిమ్మల్ని. మీరు సరేనన్నారు."

ముప్ఫై నాలుగేళ్ళుగా అందరి తప్పులూ పట్టినవాణ్ణి, నాతో ఇలా సూటిగా మాట్లాడినవాళ్ళు తక్కువ.

ఆమె కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "మీ ఫోన్ సంగతి అయిపోయిందండీ. మీ పేరుతో అందుకున్నోళ్ళ సంగతేంటి?"

నేను సిమ్ మళ్ళీ వేసుకుని అందరికీ మెసేజి పెడతానన్నాను. నా ఫోన్ ఎవరో హ్యాక్ చేశారు, జాగ్రత్త అని. ఆమె తల అడ్డంగా ఊపింది. మధ్యాహ్నం ఒక మాట, సాయంత్రం ఇంకో మాట వస్తే ఏది నేను పంపిందో వాళ్ళకెలా తెలుస్తుందని అడిగింది. పైగా హ్యాక్ అన్న మాటే తప్పంది.

"ఎవరో చేశారంటే వాళ్ళకేం ఉపయోగమండీ? మీరు ఏం చూసి నొక్కారో, అదేం అడిగిందో, ఎన్నిసార్లు సరేనన్నారో చెప్పండి. అప్పుడు వాళ్ళు అదే చోట ఆగుతారు. ఇప్పటికే నొక్కినోళ్ళు బయటికొస్తారు. పంతులుగారే నొక్కారంటే మాకేం సిగ్గు అనుకుంటారు."

అంటే నేను మోసపోయానని నా నోటితో నేనే చెప్పాలి. నా వృత్తిలో అది చిన్న విషయం కాదు. మంత్రం తడబడితే దగ్గినట్టు నటించి సర్దుకునేవాళ్ళం మేము. పురోహితుడే తప్పు చేస్తాడని తెలిస్తే రేపు నేను పెట్టిన ముహూర్తాన్ని ఎవరు నమ్ముతారు?

ఆ సాయంత్రం నా పాత డైరీలో నంబర్లు చూసి, మా ఆవిడ ఫోన్ పట్టుకుని ఒక్కొక్కరికీ చేశాను. అరవై మంది దొరికారు. పనుల్లో ఉండి "అట్టాగేనండీ" అని పెట్టేశారు. దొరకనివాళ్ళలో నన్ను ఎక్కువ భయపెట్టింది రాఘవమ్మగారు. సత్తెనపల్లి దగ్గర పల్లెలో నాలుగెకరాల మిర్చి సొంతంగా చేస్తుంది ఆవిడ. భర్త పోయి ఎనిమిదేళ్ళయింది. అప్పట్నుంచీ నారు పోసే రోజు మొదలు కాయ గుంటూరు యార్డుకి తోలే రోజు వరకూ నన్నడగకుండా అడుగు వేయదు. ఏడాది కష్టం ఆ ఫోన్లో ఉన్న బ్యాంకులోనే ఉంది. నా పేరు కనపడితే ఆవిడ రెండోసారి ఆలోచించదు. ఏడుసార్లు చేశాను, ఎత్తలేదు. పక్కింటివాళ్ళకి చేస్తే, కల్లంలో కాయలు ఎత్తిస్తోంది, ఫోన్ ఇంట్లోనే ఉన్నట్టుంది, వచ్చాక చెబుతాంలెండి అన్నారు. మర్నాడు సత్తెనపల్లి కల్యాణమండపంలో పెళ్ళి చేయించేది నేనే, పెళ్ళికూతురు రాఘవమ్మగారి మేనకోడలు. అక్కడికి ఎలాగూ వస్తుంది. ఈలోపు ఆవిడ ఆ ఫైలు నొక్కితే?

పొద్దున్నే ఖుర్షిదా ఇంటికెళ్ళి, అమ్మా నాతో సత్తెనపల్లి రాగలవా అని అడిగాను. కొట్టు మూస్తే ఆ రోజు బేరం పోతుంది. ఆమె దాని ఊసే ఎత్తలేదు. "గేటు దగ్గర ఒక బల్ల, ఒక ప్లగ్గు కావాలండీ. సన్నాయి వినపడని చోట వేయించండి," అంది.

పెళ్ళిలో అయిదొందల మంది కదలకుండా కూర్చునే సమయం ఒక్కటే ఉంటుంది. అక్షింతలు చేతిలో పడ్డాక, ముహూర్తం వచ్చేలోపు. అక్షింతలు వేసిన మరుక్షణం సగం జనం భోజనాల వైపు పరిగెడతారు. ఆ పది నిమిషాలూ అందరి చూపూ నా మీదే, మైకు నా చేతిలోనే. పెళ్ళికూతురి తండ్రితో ముందుగా చెప్పాను. శుభమా అని పెళ్ళి జరుగుతుంటే ఈ గొడవ ఎందుకండీ అని నసిగాడు. మీ చుట్టాల ఇళ్ళు గుల్లయితే అది శుభమా అని గద్దించాను. నా గొంతు నాకే కొంచెం ధైర్యమిచ్చింది.

పది గంటలు దాటింది. అక్షింతల పళ్ళేలు తిరిగాయి. మైకు తీసుకున్నాను.

"అందరూ ఒక్క మాట వినండి. నిన్న నా దగ్గర్నుంచి మీ ఫోన్లకి శుభలేఖ ఒకటి వచ్చింది. అది శుభలేఖ కాదు, దొంగ. పంపింది నేను కాదు గానీ, వాణ్ణి ఇంట్లోకి రానిచ్చింది నేనే. అమావాస్య నాడు ముహూర్తం పెట్టిన వెధవ ఎవడో చూద్దామని తెరిచాను."

జనం గొల్లుమన్నారు. పెళ్ళికొడుకు కూడా నవ్వాడు. నాకు చెవులు వేడెక్కాయి, అయినా ఆగలేదు. అది ఏమేం అడిగిందో, నేను ఎక్కడెక్కడ సరే అన్నానో నాలుగూ విడివిడిగా చెప్పాను. కార్డు ఏదైనా సరే బొమ్మలా కనపడాలి తప్ప మీ మెసేజీలు చదువుతానని అడగదని చెప్పాను. మూడోది చెప్పేసరికి నవ్వులు ఆగిపోయాయి. ముందు వరసలో ఒకాయన జేబులోంచి ఫోన్ తీసి చూసుకుంటున్నాడు. వెనక ఆడవాళ్ళలో గుసగుసలు మొదలయ్యాయి.

"నొక్కినవాళ్ళు సిగ్గుపడకండి. మీకంటే ముందు నేను నొక్కాను. గేటు దగ్గర ఖుర్షిదా అనే అమ్మాయి కూర్చుని ఉంది. నన్ను బయట పడేసింది ఆవిడే. అక్షింతలు వేసి, భోజనానికి వెళ్ళేముందు ఆవిడ దగ్గరికి వెళ్ళండి. ఆవిడ చెప్పింది చేయండి."

మైకు పక్కన పెట్టి గడియారం చూసుకుని జీలకర్ర బెల్లం పెట్టించాను. గట్టిమేళం అని అరిచాను. ఆ అరుపులో కొద్దిగా వణుకు ఉందని మా ఆవిడ తర్వాత చెప్పింది.

తలంబ్రాలు అయ్యాక గేటు దగ్గరికి వెళ్ళి చూస్తే వరస కల్యాణమండపం మెట్ల దాకా ఉంది. పట్టుపంచెల పెద్దమనుషులూ, నగలు పెట్టుకున్న ఆడవాళ్ళూ, పొలం నుంచి తిన్నగా వచ్చిన రైతులూ ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. ఖుర్షిదా ఎవరి ఫోనూ ముట్టుకోవడం లేదు. "మీ వేలితోనేనండీ, కంగారు పడమాకండి," అంటూ ఒక్కొక్కరికీ మొదట్నుంచీ చెబుతోంది. చూపు ఆనని ముసలాయనకి అక్షరాలు పెద్దవి చేసుకోవడం నేర్పించింది. నొక్కలేదని బొంకుతున్న ఒక లెక్చరరు గారిని నలుగురిలో పట్టుకోకుండా పక్కకి పిలిచి తీయించింది. పదిహేడు మంది నొక్కినవాళ్ళు తేలారు. అంత ఓపిక నేను ఏ పండితుడిలోనూ చూడలేదు. మధ్యలో ఎవరో పెరుగన్నం తెచ్చిపెడితే తినడానికి తీరక పక్కన పెట్టింది. ఆ విస్తరి మీద ఈగ వాలకుండా ఇంకో ఆకు కప్పి నేను అక్కడే నిలబడ్డాను.

పదిహేడో మనిషి రాఘవమ్మగారు. నిన్న దీపాలు పెట్టే వేళకి ఇంటికొచ్చి, నా పేరు చూసి నొక్కేసిందట. అన్నిటికీ సరే అన్నదట. ఖుర్షిదా తన ఫోన్లో బ్యాంకువాళ్ళతో మాట్లాడిస్తున్నంతసేపూ నేను ఆ విస్తరి దగ్గరే నిలబడి చూస్తూ ఉన్నాను. చివరికి ఆవిడ నా దగ్గరికి వచ్చింది.

"ఏమీ పోలేదంటండీ అయ్యగారూ. ఇప్పుడే ఆపేశారంట."

కళ్ళు తుడుచుకున్నాను. "రాఘవమ్మగారూ, నన్ను క్షమించండి. ఇకమీదట నా పేరుతో వచ్చినా సరే, తెరవకండి."

"అది మాత్రం నా వల్ల కాదండీ. మీ పేరు కనపడ్డాక తెరవకుండా ఎట్టా ఉండేది? రేపు మళ్ళా వస్తే మళ్ళా తెరుస్తాను. మీతో అబద్ధమెందుకు?"

అంత బతిమాలి, అంత సిగ్గు విడిచి చెప్పిందంతా ఈ ఒక్క మనిషి దగ్గర పనికి రాలేదు. ఏం చేయాలో తోచక ఖుర్షిదా వైపు చూశాను. ఆమె కళ్ళద్దాలు తీసి బురఖా అంచుతో తుడుచుకుంటూ ఆలోచించింది.

"ఆవిడ మారదండీ పంతులుగారూ. మీరు మారగలరా?"

"ఎలా?"

"ఫోన్లో ఎవరికీ ఏమీ పంపమాకండి. కార్డు గానీ, బొమ్మ గానీ, ఏదీ. వచ్చినవి చూసుకోండి, మాట్టాడండి. అంతే. మీరు అసలు పంపరని అందరికీ తెలిస్తే, మీ పేరుతో ఏదొచ్చినా అది మీరు కాదని ఆవిడకి తెలిసిపోద్ది."

వినడానికి తేలిక. రోజూ పొద్దున్నే ఆ రోజు తిథీ వారం వర్జ్యం రాసిన బొమ్మ ఒకటి తయారుచేసి పదకొండు వందల మందికి పంపడం ఆరేళ్ళుగా నా అలవాటు. వాళ్ళు తిరిగి పెట్టే దండాల గుర్తులు చూసుకుంటూ కాఫీ తాగుతాను. అందులో ఉన్న సుఖం చెప్పుకోవడానికి చిన్నతనంగా ఉంటుంది గానీ, ఉంది. ఖుర్షిదా నా జవాబు కోసం చూస్తోంది. నిన్న నాకు కీప్యాడ్ ఫోన్ అమ్మనన్న మనిషి, ఇవాళ అంతకంటే పెద్దదే వదులుకోమంటోంది. ఆమె చెప్పింది సరైనదని నాకు తెలుసు.

"రాఘవమ్మగారూ, ఇవాళ్టి నుంచి నేను ఫోన్లో ఎవరికీ ఏమీ పంపను. పనుంటే మాట్లాడతాను, లేదా ఇంటికొస్తాను. ఇంకేది వచ్చినా అది నేను కాదు. ఇది గుర్తుంటుందా?"

"ఉంటదండీ." అని, అంతలోనే ఆవిడ ముఖం చిన్నబోయింది. "పొద్దున్నే వచ్చే పంచాంగం కూడా రాదా? అది చూసుకునే పొలం పోయేదాన్ని."

"అది కూడా రాదు."

"పోనీలెండి," అంది రాఘవమ్మగారు. "రోజూ నేనే ఫోన్ చేసి అడుగుతాను. మీ గొంతు నాకు తెలుసుగా."

మర్నాడు తెల్లవారి అయిదున్నరకి ఆవిడ ఫోన్ చేసింది. తిథి, వారం, వర్జ్యం చెప్పాను. మిరపకాయలు బాగా ఎండాయని ఆవిడ చెప్పింది. పంచాంగం రాలేదేమని ఏడింటిలోగా ఇంకో పద్దెనిమిది మంది చేశారు, ఇక పంపనని వాళ్ళకీ చెప్పాను. కాఫీ తాగడానికి తీరికే దొరకలేదు.